ఆ ఫ్లెక్స్ ఎక్కడికి పోతుంది?

మా సోషల్ సార్ పోయారని పోయినవారం ఒక పొద్దున బడి ఆయమ్మ ఫోన్ చేసి చెప్పింది. "పెద్దసారూ, సోషల్ సారు ఇగ లేడు. నిద్రలనే పోయిండంట" అని కాసేపు ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకున్నట్టుంది, "గురువారం మన బడిల సంతాపసభ పెడ్తున్నరు. గోడంత ఫ్లెక్స్ కొట్టిచ్చిన్రు" అంది. అప్పటిదాకా నాకూ ఏడుపు వచ్చేలా ఉంది. ఫ్లెక్స్ మాట వినగానే కోపం వచ్చింది.

నాంపల్లి సందులో ఉన్న ఆ హైస్కూలుకి నేను హెడ్మాస్టర్‌గా చేశాను. ఆయన తొమ్మిదో తరగతికి సోషల్ చెప్పేవారు. సుస్థిర అభివృద్ధి, ప్రపంచ పౌరసత్వం అంటూ కొత్త పాఠాలు వచ్చినప్పుడు నేను నవ్వాను. చాలా చదివినవాణ్ణి కదా, ఇలాంటి పెద్ద మాటలు ఎన్ని వచ్చి పోయాయో తెలుసు. మిగతా వాళ్లు నోట్సు రాయించి, రంగుల చార్టు వేయించి, పాఠం అయిందనిపించేవారు. ఈయన ఒక పెన్ను పైకెత్తి పట్టుకుని రెండే ప్రశ్నలు అడిగేవారు.

"గిది ఏడికెల్లి వచ్చింది? వాడినంక ఏడికి పోతది?"

"చెత్తడబ్బాలకు సార్."

"ఔ. ఆడికెల్లి?"

పిల్లలు తల గోక్కునేవారు. పెన్ను, చెప్పు, సుల్తాన్ బజార్లో కొన్న చొక్కా, ఏదీ ఆ ప్రశ్నల్ని తప్పించుకోలేదు. "ప్రపంచమంటే బషీర్‌బాగ్ దాటినంక షురూ అయితదనుకున్నవా బిడ్డా? నీ బెంచీ కాడనే షురూ" అనేవారు.

ఒక ఏడు వార్షికోత్సవానికి బడి యజమాని గేటు నిండా ఫ్లెక్సులు కట్టించారు. పైన ఆయన ఫొటో, కింద పచ్చటి భూగోళం. పండగయ్యాక అవి ఏమయ్యాయో చూద్దామని సోషల్ సార్ పిల్లల్ని వెంటబెట్టుకుని బయల్దేరారు. రెండు సందుల అవతల మురుగునీటి నాలాలో దొరికాయి. యజమాని గారు వెల్లకిలా పడుకుని నీళ్లకి అడ్డంగా ఉన్నారు. ఆ నాలా పక్కనే ఇల్లున్న పిల్ల ఒకతె, "మా ఇంట్లకు నీళ్లొచ్చేది గిందుకేనా సార్?" అని అడిగిందట. వచ్చే ఏడు నుంచి గుడ్డ మీద రాయించండి అని పిల్లలంతా కలిసి యజమానికి ఉత్తరం రాశారు.

యజమాని ఆ ఉత్తరం నా బల్ల మీద పడేసి, "పోరగాళ్లను నా మీదికి ఉసిగొల్పుతుండు. మెమో ఇయ్యి" అన్నారు. ఇచ్చాను. తొమ్మిదో తరగతి తీసేసి ఆరో తరగతి ఇచ్చాను. తప్పు చేస్తున్నానని సంతకం పెడుతున్నప్పుడే తెలుసు. నా చదువంతా ఆ సంతకాన్ని ఆపలేకపోయింది.

సోషల్ సార్ మెమో చదివి, తిప్పి చూశారు. "వెనక అంత ఖాళీగనే ఉంది సార్. పిల్లలు లెక్కలు చేస్కుంటరు" అన్నారు. వెటకారమేమో అని మొహంలోకి చూశాను. కాదు. మర్నాటి నుంచి ఆరో తరగతికి అవే రెండు ప్రశ్నలు.

ఇద్దరం రిటైరయ్యాక ప్రతి ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల దగ్గర కలిసేవాళ్లం. నేను తత్వశాస్త్రం వెతికేవాణ్ణి, ఆయన పాత అట్లాసులు. "దేశం పేరు పోయింది గానీ నది గాడనే ఉంది, సూడున్రి" అని మురిసిపోయేవారు. ఆ మెమో సంగతి ఈ వారం ఎత్తుదాం, వచ్చే వారం ఎత్తుదాం అనుకుంటూనే ఇన్నేళ్లు టీ తాగాను. ఎత్తితే నవ్వి తీసిపారేస్తారని భయం. తిట్టేవాడైతే ఎప్పుడో అడిగేవాణ్ణి.

గురువారం సభలో గోడంతా ఆయన మొహమే. మైకు ముందు యజమాని "విశ్వపౌరుడు" అన్నారు, మూడుసార్లు. నా వంతు వచ్చింది.

"ఈయనకు మెమో ఇచ్చింది నేను. ఇయ్యమన్నది మీరు. ఆయన చేసింది పాఠం, మనం చేసింది తప్పు. బతికుండంగ చెప్పలేకపోయిన" అన్నాను. గోడకేసి చెయ్యి చూపించాను. "ఇంకొక్క మాట. సభ అయినంక ఈ ఫ్లెక్స్ ఏడికి పోతది?"

"ఏంది సార్, సావు కాడ గివేం మాటలు?" అన్నారు యజమాని.

వెనక నుంచి ఆయమ్మ గట్టిగానే అంది: "సారుంటే గదే అడుగుతుండె."

సభయ్యాక ఆయమ్మా నేనూ కలిసి దాన్ని విప్పి చుట్టాం. ఆదివారం ఆటోలో వేసుకుని అబిడ్స్ వెళ్లాను. అక్కడ పాత పుస్తకాలమ్మే మియా విప్పి చూసి, "అరె, మన అట్లాస్ సాబ్!" అని సంబరపడి, నా మొహం చూసి ఆగిపోయాడు. ఈలోగా మబ్బు పట్టింది.

"వానొస్తది, పుస్తకాలు కప్పాలె సాబ్. మొహం పైకా, కిందికా?"

"కిందికేయి. చదువుకుంటడు."

ఇద్దరం చెరో కొస పట్టుకుని పుస్తకాల మీద పరిచాం. వెనకవైపంతా తెల్లగా, ఖాళీగా ఉంది. దాని మీద చినుకులు పడటం మొదలయ్యాయి.