గోడ మీద ఐలేశం మంద

శోభ టీచర్ సంగతి చెప్పాలంటే ముందు ఆమె నడుము నొప్పి సంగతి చెప్పాలి. చిట్యాల నుంచి రామన్నపేటకు బస్సు, అక్కడి నుంచి మా బడికి షేర్ ఆటో. ఆ గుంతల రోడ్డు మీద ఎగిరెగిరి పడి స్టాఫ్‌రూంలోకి వచ్చేసరికి మనిషి సగమైపోయేది. పేరుకు డ్రాయింగ్ టీచర్, అదీ పార్ట్ టైం. అదేం పార్ట్ టైమో గానీ, ఎవరు సెలవు పెట్టినా ఆ క్లాసుకు ఆమే పోవాలి, మధ్యాహ్నం పిల్లల అన్నం దగ్గర ఆమే నిలబడాలి. ఇక ఆమె సొంత పీరియడంటారా, సిలబస్ కాలేదని లెక్కల సార్ ఎప్పుడంటే అప్పుడు ఎత్తుకుపోయేవాడు. ఉద్యోగం పర్మనెంట్ అవుతుందని కొన్నాళ్లు ఆశపడింది. తర్వాత ఆ మాట ఎత్తడమే మానేసింది.

నేను అదే బడిలో తెలుగు చెబుతాను. ఆరో తరగతికి వచ్చినా కూడబలుక్కుని కూడా చదవలేని పిల్లలు మాకు కొత్త కాదు. వాళ్లలో నిహారిక మరీ మొండి. పుస్తకం తెరవమంటే తల దించుకునేది, ఇంక ఆ రోజుకు అంతే. అరిచాను, బతిమాలాను, నా గొంతు పోయిందే తప్ప ఆ పిల్ల నోరు పెగల్లేదు. వాళ్ల నాయన ఐలేశం గొర్ల కాపరి. ఆ ఇంట్లో అక్షరం ముక్క వచ్చినవాళ్లు లేరు.

"సదువు రాని పోరిని బడిల కూసోబెడితె ఏం లాభం సార్? గీ యేడు సూస్త. రాకుంటె మందెంట తోల్కపోత" అని తెగేసి చెప్పాడు. అప్పటికే నేనూ విసిగిపోయి ఉన్నాను.

శోభ చేసిందాంట్లో పెద్ద విద్యేమీ లేదు. మీ ఇంట్లో ఉన్నదేదైనా గీయండి అంది. నిహారిక గొర్రెను గీసి, ఒళ్లంతా నల్లరంగు వేసి, మూతి మాత్రం తెల్లగా వదిలేసింది.

"గిదెందుకు ఇడ్శిపెట్టినవు బిడ్డా, రంగు అయిపోయిందా?"

"కాదు మేడం. గది బొల్లిమూతిది. దానికి వానంటె భయం."

శోభ ఆ మాటలనే బోర్డు మీద రాసి, బొమ్మ కింద దించుకోమంది. తన నోట్లోంచి వచ్చిన మాటలే కదా, ఆ పిల్ల వేలు పెట్టి చదివేసింది. ఏం రాసినవే అని పక్కపిల్లలు అడిగితే మళ్లీ చదివింది. తర్వాత కుంటిది వచ్చింది, పొట్టిచెవులది వచ్చింది. కొన్నాళ్లకు శోభ బోర్డు మీద రాయడం మానేసి, నువ్వే రాయి అంది. తప్పులతోనే రాసింది. శోభ లైబ్రరీ అలమారలోంచి బొమ్మల పుస్తకాలు తెచ్చి పక్కన పడేసింది గానీ, చదవమని మాత్రం అనలేదు. నిహారిక బొమ్మల కోసం తెరిచి, కింద ఏముందోనని మెల్లమెల్లగా కూడబలుక్కోవడం మొదలుపెట్టింది. నాకు సంతోషమూ వేసింది, కాస్త కడుపూ మండింది. ఇంకొక్క యేడు సూడు అన్నా అని శోభ బతిమాలితే, ఐలేశం గొణుక్కుంటూనే పిల్లను ఏడో తరగతికి పంపాడు.

అంతా ఒక దారిన పడుతుంటే హెడ్మాస్టర్ అమరేందర్ సార్‌కు హుషారు పుట్టింది. ఆగస్టు పదిహేనుకు రోడ్డు వైపు గోడ మీద పిల్లల బొమ్మలు వేయించమన్నాడు. శోభ నడుముకు గుడ్డ బిగించుకుని ఎండలో నిలబడి వేయించింది. నిహారిక వాళ్ల మంద మొత్తాన్ని గోడకెక్కించింది, ఒక్కటి విడవకుండా, కింద మాటలతో సహా.

మా దిక్కు గొర్ల కాపరులు నలుగురి ముందు మందను లెక్కపెట్టరు. దిష్టి తగులుతుందని భయం. ఎన్నున్నయి అని అడిగితే "ఉన్నయి తియ్యి" అంటారు. ఇది ఊళ్లో అందరికీ తెలిసిందే. గోడ దగ్గర మాత్రం మాలో ఒక్కరికీ తట్టలేదు. పిల్ల రాస్తోందన్న మురిపెంలో ఉన్నాం మరి.

జెండా పండుగ అయ్యాక ముసురు పట్టింది. మందలో నీలినాలుక రోగం దిగింది. పశువుల దవాఖానకు ఎంత తిరిగినా కొన్ని దక్కలేదు. ఆ వానల్లో ఆ రోగం చుట్టుపక్కల ఊళ్లన్నిటా ఉంది, అయినా ఐలేశం కంటికి గోడ ఒక్కటే కనబడింది. నిహారిక బడికి రావడం ఆగిపోయింది. శోభ వాళ్లింటికి బయలుదేరుతూ నన్నూ తోడు రమ్మంది. మమ్మల్ని చూడగానే ఐలేశం అందుకున్నాడు.

"తొవ్వన పోయెటోడల్లా ఆగి, నీకు గిన్ని గొర్లున్నయా ఐలేశం అనవట్టె. ఇంకేం మిగుల్తది టీచరమ్మా? ముందుగాల్ల గా గోడ తుడుపు. పోరి సంగతి తర్వాత సూద్దం."

దిష్టీ లేదు గిష్టీ లేదు అని నేను నోరు తెరవబోతే శోభ కళ్లతోనే ఆపింది.

"రేపే తుడుస్త అన్నా. తప్పు నాదే, నాకు తట్టలె. బిడ్డను తోల్కొనిరా, నీ కండ్ల ముంగటనే తుడుస్త" అంది.

మర్నాడు ఐలేశం గొంగడి భుజాన వేసుకుని దూరంగా నిలబడ్డాడు. శోభ సున్నం బకెట్లో బ్రష్ ముంచింది.

"జర ఆగుండ్రి మేడం. ఒక్కసారి సదువుకుంట" అంది నిహారిక.

ఒక్కో బొమ్మ దగ్గరా వేలు పెట్టి పైకి చదవసాగింది. ఆమె చదివాక శోభ దాని మీద సున్నం పూస్తోంది. కూతురు చదవగా ఐలేశం వినడం అదే మొదలు. వింటూ వింటూ దగ్గరికి వచ్చాడు. ఒక ఎర్ర గొర్రె దగ్గర పిల్ల వేలు ఆగింది. చచ్చిపోయిన వాటిలో ముందుగా వచ్చింది అదే.

"ఎర్రది. ఇది పుట్టంగనె తల్లి సచ్చిపోయింది. మా బాపు సీసతోని పాలు తాపి సాదిండు."

శోభ బ్రష్ ఎత్తింది. ఐలేశం చెయ్యి అడ్డం పెట్టాడు.

"గట్లనే రాసున్నదా బిడ్డా?"

"రాసున్నది బాపు. నేనే రాసిన."

"మల్ల సదువు."

ఆమె మళ్లీ చదివింది. ఐలేశం గొంగడి అంచుతో కళ్లు తుడుచుకున్నాడు.

"బతికున్నయి తుడువు టీచరమ్మా. సచ్చినయి ఉండనియ్యి. ఇంక వాటికెవని దిష్టి తగుల్తది?" అన్నాడు.

నిహారికను మా దగ్గరే వదిలేసి, మంద దగ్గరికి ఒక్కడే పోయాడు.