అరచెయ్యి ఆనించే మావయ్య

భిలాయిలో మా పక్క క్వార్టరు మావయ్య ఉక్కు ఫ్యాక్టరీ రోలింగ్ మిల్లులో ఫిట్టరు. ఆ మోతకి రిటైరయ్యేసరికి చెవులు పోయేయి. మోటారైనా, ఇంట్లో ఫ్రిజ్జయినా, అరచెయ్యి ఆనించి చూసి, "నడుస్తంది" అనేవాడు.

హోళీకి ముందు ఓ ఆదివారం మా రెండు కుటుంబాలూ అడివిలో నది వెంబడే జలపాతం దాకా నడిచేం. దారంతా మోదుగపూలే. నీళ్ళ హోరులో మేమంతా కేకలేసుకుంటుంటే, ఆయన తడిబండకి చెయ్యి ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

"ఏటి మావయ్యా, వినిపిస్తందా?" అని చెవిలో అరిచేను.

"నడుస్తంది," అన్నాడు నెమ్మదిగా.

మొన్న చలికాలం ఆసుపత్రిలో, డాక్టరు పెదవి విరిచి వెళ్ళిపోయాక, అత్తయ్య ఆయన గుండెమీద అరచెయ్యి ఆనించింది. చాలాసేపు తియ్యలేదు. ఆ ఒక్క మాట కోసం మేమంతా ఆవిడ మొహంలోకే చూస్తూ నిలబడ్డాం.