పెద్దమ్మ చోటు

మా పెద్దమ్మ పోయింది. తిరువొత్తియూరులో మా వీధి ఆడపిల్లలకూ, పెళ్ళయి నడుము లావెక్కిన వాళ్ళకూ కోలాటం నేర్పిన మనిషి, జ్వరమని పడుకుని మళ్ళీ లేవలేదు. కబురు తెచ్చిన పక్కింటాయన "మీ కోలాటం పెద్దమ్మ" అని ఆగిపోయాడు. మిగతాది నాకు అర్థమైంది.

ఆమె ఆడేది, పెదనాన్న పిలిచేవాడు. కోలాటంలో అడుగుల వరసను కోపు అంటాం. ఒక కోపు నుంచి ఇంకోదానికి ఎప్పుడు మారాలో డోలు దెబ్బను బట్టి నడుమ నిలబడి కేక వేసి చెప్పడం ఆయన పని. పక్కనే ఉన్న మనలిలో ఫ్యాక్టరీ పని దిగి, సైకిలు గోడకు ఆనించి, కాళ్ళు కడుక్కుని నేరుగా వచ్చేవాడు. పెళ్ళయిన కొత్తలో మొదలుపెట్టారట ఇద్దరూ. పిల్లలు లేరు, ఆ ముచ్చటంతా మా మీద తీర్చుకున్నారు. కేబుల్ టీవీ వచ్చి సగం మంది మానేస్తే, ఉన్నవాళ్ళతోనే వలయం చిన్నది చేసి ఆడించారు. శుక్రవారం పూట కోలలకు నువ్వుల నూనె రాయడం పెద్దమ్మ అలవాటు. ఆ వాసన ఇంకా నా కోలలకు ఉంది, తుడవబుద్ధి కావడం లేదు.

వేళ్ళకు దెబ్బ తగిలి ఆగిపోయామంటే ఊరుకునేది కాదు. "నిలవబాక పాపా, పోతా ఉండు. చుట్టు తిరిగి ఈడికే వస్తాది, అప్పుడు కలుపుకుందువు" అనేది.

ఒకసారి ఇద్దరికీ మాటా మాటా వచ్చింది. మా ఇంట్లో సీమంతానికి ఆయన రానన్నాడని ఆమెకు అలక. ఆ సాయంత్రం పెరుమాళ్ గుడి ముందు, వీధంతా చూస్తుండగా, పెద్దమ్మ కావాలనే అడుగు ఆలస్యంగా వేసింది. పెదనాన్న కేక కూడా ఆలస్యంగానే వచ్చింది. మా కోలలు ఒకరివి ఒకరికి తగిలి వలయం చిక్కుపడిపోయింది. జనం నవ్వారు. ఆయన ఏం జరిగిందో తెలియక మా మొహాలు చూస్తూ నిలబడ్డాడు. ఇంటికొచ్చి పెద్దమ్మ ఏడ్చిన ఏడుపు ఇంతా అంతా కాదు. అప్పుడు చెప్పింది నాకు.

"ఆయనకి డోలు వినపడదు పాపా. ఫ్యాక్టరీ మోతకి చెవులు పోయినాయి. నా కాళ్ళు చూసే పిలస్తాడు. యెవురికీ చెప్పబాక."

ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు వీధికంతా తెలిసింది కనుక రాస్తున్నాను. ఆ తర్వాత వాళ్ళు ఎంత పోట్లాడుకున్నా ఆమె అడుగు తప్పిందే లేదు.

కర్మాంతరం రోజు సాయంత్రం భజన పెట్టడం మా వాళ్ళలో ఉంది. మా కోలాటం ఆడవాళ్ళు కోలలు పట్టుకునే వచ్చారు. పెదనాన్న తల అడ్డంగా ఊపాడు.

"ఇంక నేను పిలవనమ్మా. ఆమె లేదు గదా. దేన్ని చూసి పిలిచేది?"

అందరూ అది దుఃఖం అనుకున్నారు. ఆయన ఏ పాదాల గురించి అంటున్నాడో నాకే తెలుసు. ఎవరైనా రాకపోతే వలయాన్ని దగ్గరికి లాక్కుని ఖాళీ మూసేస్తాం. ఆ రోజు మూయవద్దన్నాను. పెద్దమ్మ చోటు అలాగే ఉంచమన్నాను. ఆ చోటుకు ఎదురొచ్చినవాళ్ళు తమ రెండు కోలలూ తామే తట్టుకోవాలి, అంతే కదా. పెదనాన్నను చేయి పట్టుకుని నడిమికి తెచ్చాను.

మొదటి కేక ఆలస్యమైంది. కోలలు వేళ్ళకు తగిలాయి. ఎవ్వరూ నిలవలేదు. ఆ ఖాళీ చుట్టు తిరిగి మళ్ళీ ఆయన ముందుకు వచ్చింది. ఆమె పాదాలు ఉండవలసిన చోట చూపు నిలిపి కేక వేశాడు. ఈసారి సరిగ్గా పడింది. ఆ తర్వాత ఒక్కటీ తప్పలేదు.

డోలు వాయించే ఆయన ఏడుపు ఆపుకోలేక చేతులు దించేశాడు. డోలు ఆగితే పెద్దమ్మ పాదాలు ఆగేవి, అది చూసి పెదనాన్న పిలవడం ఆపేవాడు. ఇప్పుడు ఆయనకు చెప్పే పాదాలు లేవు. ఆ ఖాళీనే చూస్తూ, కోపు తర్వాత కోపు పిలుస్తూనే ఉన్నాడు. చూస్తున్న వీధికంతా అప్పుడు అర్థమైంది. మేము ఆగితే డోలు ఆగిందని ఆయనకు తెలిసిపోయేది. ఎవ్వరమూ ఆగలేదు.