రెండో రకం పిన్నులు

ఆ రోజుల్లో ఈ లోకంలో పనికిరానిదంటూ ఏదీ ఉండదని నాకు గట్టి నమ్మకం. ఉదయగిరిలో మా నాయనది చిల్లర అంగడి. అక్కడ పారేసిన సరుకును నేను చూడలేదు. విరిగిన బియ్యాన్ని నూకలని అమ్మేవాళ్లం, ఆ నూకల్లో పురుగు పడితే కోళ్లకని అమ్మేవాళ్లం. వంకరపోయిన మేకుకు కూడా ఒక రేటుండేది; దాన్ని సుత్తితో సాపు చేసుకునే ఓపికున్న మనిషి ఎప్పుడో ఒకప్పుడు గుమ్మంలోకి వస్తాడు. లోపం ఎంచడమంటే ధర తగ్గించమని అడగడమే. కొనేవాడు కందిపప్పు అరచేతిలో పోసుకుని మొహం ముడిచాడంటే కొనడానికి సిద్ధపడ్డాడని మా లెక్క. (పెళ్లిచూపుల్లో అమ్మాయి మేనమామ నన్ను చూసి మొహం ముడిచినప్పుడు కూడా ఇలాగే సంతోషించాను. ఆ సంబంధం కుదరలేదు.)

ఇంత తెలివి మోసుకుని, డిప్లొమా పాసై, ఆత్మకూరులో సార్జెంటు మామ షెడ్డులో పనికి చేరాను. ఆయన నాకు బంధువేమీ కాదు. చేజర్ల మనిషి, మిలిటరీలో పారాచూట్లు మడిచే పని చేసి రిటైరై వచ్చాడు. విమానంలోంచి సరదాకి దూకేవాళ్లు వీపుకు సంచీ కట్టుకుంటారు కదా, దాన్ని మూసి ఉంచేది చూపుడువేలంత కూడా లేని ఒక ఉక్కు పిన్ను. సంచీ మూతల్లోంచి బయటికొచ్చిన తాడు ఉచ్చులో దాన్ని దూరుస్తారు. గాల్లో ఉన్నవాడు లాగితే పిన్ను ఊడిరావాలి, సంచీ విచ్చుకోవాలి, గొడుగు తెరుచుకోవాలి. పిన్ను వంగి ఉచ్చులో ఇరుక్కుంటే తెరుచుకోదు. ఆ పిన్నుల్ని ఒక్కొక్కటిగా పరీక్షించి పంపడమే మా షెడ్డు పని. సరుకంతా కొండల అవతల ఉన్న ఒక స్కైడైవింగ్ క్యాంపుది. షెడ్డు బతికేది ఆ ఒక్క క్యాంపు మీదే.

మామ పిన్నును వైసులో, అంటే బల్లకు బిగించిన ఇనుప పట్టులో పెట్టి, క్యాంపువాళ్లు కాగితంలో రాసి పంపినంత బరువు కొనకు వేలాడదీసి, గడియారం చూస్తూ నిలబడేవాడు. తర్వాత గాజుపలక మీద పెట్టి వంగిందేమో చూసేవాడు. ఆ పరీక్షకు నిలిచిన పిన్ను దూదక్క దగ్గరికి వెళ్లేది. ఉదయగిరిలో చెక్క గరిటెలు చెక్కే సాయిబుల ఇంటి ఆడబిడ్డ ఆమె. చిటికెడు దూదిని పిన్ను పొడవునా నడిపేది; ఒక్క పోగు తగులుకున్నా అక్కడ కంటికి కనపడని గరుకు ఉన్నట్టే, అది తాడును కోసేస్తుంది. నిలవని పిన్నులన్నీ ఎర్ర డబ్బాలో పడేవి, నెలాఖరుకు మామ వాటిని ముక్కలు చేసేవాడు. ఆమె తమ్ముడు ఆ క్యాంపులోనే గొడుగులు మడుస్తూ, తానూ దూకుతూ ఉండేవాడు. అందుకే ఆమె దూదిని అంత నెమ్మదిగా నడిపేదని నాకు తోచలేదు. పని ఎక్కువున్నట్టు కనపడాలని చేస్తోందనుకున్నాను.

ఒకసారి మామ కళ్లు చూపించుకోవడానికి నెల్లూరు వెళ్లి ఆ రాత్రికి అక్కడే ఉండిపోయాడు. ఆ సాయంత్రం దూదక్క వెళ్లిపోయాక, క్యాంపు సరుకు తీసుకెళ్లడానికి వ్యానాయన వచ్చాడు. నిగనిగలాడే ఉక్కు ఎర్ర డబ్బాలో పడి ఉంటే నాకు ప్రాణం ఒప్పేది కాదు. పన్నెండు పిన్నులు గుడ్డతో తుడిచి బల్ల మీద పరిచాను.

"ఇవేంది?" అన్నాడు వ్యానాయన.

"సెకండ్సు. కొత్తగా నేర్చుకునేవోళ్లకు సరిపోతాయి," అన్నాను. (కొత్తవాళ్లు కాస్త తక్కువ ఎత్తు నుంచి పడతారని నా ఊహ.)

"ఒకటి ఇరవైకిస్తావా?"

"నువ్వు కాబట్టి ముప్పై. మీ ఓనరుకు ఎంతని చెప్తావో నేనడగను."

బేరం తెగింది.

మర్నాడు పన్నెండుకల్లా మామ వచ్చాడు. "ఎర్ర డబ్బా ఖాళీగా ఉండాదే," అన్నాడు. "అమ్మేసినా మామా, పన్నెండూ," అని చెప్పి మెచ్చుకుంటాడని నిలబడ్డాను. ఆయన స్టూలు మీద కూర్చుండిపోయాడు. దూదక్క చేతులు ఆగిపోయాయి.

"ఒక గొడుగు రాకపోతే రెండోది ఉంటాది గదా మామా," అన్నాను.

"రెండోదానికీ పిన్నే గదరా."

"రేపు పొద్దున్నే మా తమ్ముడు దూకతాడు," అంది దూదక్క. మాతో కాదు, గాజుపలకతో అన్నట్టు అంది.

మామ ఫోను తీశాడు. నేను అడ్డం పడ్డాను. "ఇప్పుడు ఫోను చేస్తే షెడ్డు పేరు పోతాది మామా. వ్యానాయన ఉదయగిరిలో అత్తగారింట్లో దిగుండాడు. సాయంత్రం దాకా టైమియ్యి, తెస్తా."

"నాలుగు గంటలకు చేస్తా."

"అయిదు."

ఆయన నా వైపు చూసిన చూపును వర్ణించను. బస్సెక్కాను.

ఉదయగిరి బస్టాండు ఎదురుగా టీ కొట్లో దొరికాడు వ్యానాయన. పరిగెత్తుకొచ్చిన ఆయాసం అణుచుకుని, ఆవులించి మరీ అడిగాను. "అన్నా, ఆ పన్నెండూ ఇట్లా ఇచ్చెయ్. లెక్కలో తేడా వచ్చింది."

"ఏంది, గిరాకీ వచ్చిందా?"

"గిరాకీ లేదు పాడూ లేదు."

"అయితే నా కాడే ఉండనీ."

రెండింతలిస్తానన్నాను. నాలుగింతలన్నాడు. నా జేబులో అంతకు మించే ఉంది. తీసి ఇచ్చేస్తే సరిపోయేది. ఆ పిన్నులు చెడ్డవని ఒక్క మాట చెప్పినా సరిపోయేది. కానీ సరుకు అమ్మినవాడే దానికి వంక చెప్పడం మా వంశంలో లేదు. నోరు దాని పని అది చేసింది, "అయితే వద్దులే" అంది. కాళ్లు వాటి పని అవి చేశాయి, నడిచాయి. మా బజారులో ఎవరు అలా నడిచినా పది అడుగుల లోపు వెనక నుంచి పిలుపు రావాలి. పది లెక్కపెట్టాను. ఇరవై లెక్కపెట్టాను. వెనక్కి తిరిగేసరికి వ్యాను సీతారామపురం రోడ్డు ఎక్కేసింది. (పరిగెత్తాను. ఎంత దూరమని అడగొద్దు.) కొండ దారిలో అతని ఫోను పలకలేదు.

నాలుగు గంటలకు మామ నుంచి ఫోనొచ్చింది. "దొరికినాయా?"

"ఇంకొంచెం టైమిస్తే..."

"బేరమాడినావా?"

నాలుగింతలు అడిగాడని చెప్పబోయాను. ఆయన ఫోను పెట్టేశాడు.

క్యాంపుకు ఆయనే ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పాడు. నా షెడ్డు నుంచి చెడ్డ పిన్నులు బయటికి పోయినాయి, ప్రతి సంచీ విప్పండి, ఎవ్వర్నీ దూకనీయొద్దు అన్నాడు. అప్పటికే అవి మంచివాటితో కలిసి సంచీల్లోకి ఎక్కేశాయట. తర్వాత రెండు రోజులు వాళ్లు సంచీలన్నీ విప్పి పిన్నులన్నీ పరీక్షించారు. పదకొండు దొరికాయి. ఒకటి దొరకలేదు, ఈ రోజుకీ దొరకలేదు. "పన్నెండోది మనమే ముక్కలు చేసినామని రాసేద్దాం మామా, ఎవరికి తెలుస్తాది," అన్నాను. ఆయన తన చేత్తోనే కాగితం రాశాడు. 'ఒకటి దొరకలేదు. బాధ్యత నాది.' అందులో నా ప్రస్తావన లేదు. క్యాంపు నుంచి సరుకు రావడం ఆగిపోయింది. రెండు నెలలకు షెడ్డుకు తాళం పడింది. దూదక్క ఉదయగిరి వెళ్లి మళ్లీ గరిటెలు చెక్కుకుంది. మామ చేజర్ల వెళ్లిపోయాడు. ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. తిట్టు ఎక్కువైందని కాస్త తగ్గించమని అడిగేవాణ్ణి. ఆయన పోయిన సంగతి నాకు పెద్దకర్మ అయ్యాక తెలిసింది.

ఇప్పుడు ఆత్మకూరులో నాకొక హార్డ్‌వేర్ షాపుంది. ఈ మధ్య దూదక్క తమ్ముడు బస్టాండులో కనపడి, బలవంతంగా టీకి లాక్కెళ్లాడు. దూకడం ఎప్పుడో మానేశాడట. పొట్ట వచ్చింది, భుజానికి కూతురి స్కూలు బ్యాగు ఉంది. "ఆ పొద్దు మీ షెడ్డోళ్లు ఫోను చెయ్యకుంటే నేను లేనబ్బా," అన్నాడు. "మీ మేలు మర్చిపోను."

ఊరికే వచ్చిన మెప్పు, తీసుకుని జేబులో వేసుకోవచ్చు. నాకెందుకో చెయ్యి రాలేదు.

"అవి అమ్మింది నేనే," అన్నాను.

"ఎంతకిచ్చినావు?"

"ఒకటి ముప్పై."

మిగిలిన టీ తాగేసి, గ్లాసు బల్ల మీద పెట్టాడు. "తక్కువకిచ్చినావురా," అన్నాడు.

నవ్వాడో లేదో మీసాల చాటున తెలియలేదు. ఇద్దరి టీకీ తనే ఇచ్చి, బ్యాగు సర్దుకుని బస్సెక్కాడు. నేను మాత్రం నవ్వాను, అప్పటి నన్ను, ఆ ఇరవై ఒక్కేళ్లవాణ్ణి తలుచుకుని. పిన్నులు అమ్మిన సాయంత్రం వాడు ఇరవై చెప్పినవాడి దగ్గర ముప్పై రాబట్టానని, ఆత్మకూరు వీధుల్లో సైకిలు మీద ఈల వేసుకుంటూ గదికి పోయాడు.