పెట్రోలు మూతకు పెట్టిన బొట్టు

నా చిన్నప్పుడు మా ఇంటి ముందర ఒక పాత కారు ఉండేది. దాన్ని తలచుకుంటే ఈ వయసులో కూడా నాకు ఒళ్ళు మండుతుంది. కారు మీద కోపం కాదు, ఇనుముకు ఏం తెలుసు పాపం. దాన్ని అడ్డం పెట్టుకుని ఒక మనిషిని నంజుకు తిన్న మా ఇంటి పెద్దల మీద కోపం. వాళ్ళలో ఒక్కరూ ఇప్పుడు లేరు. పోయినవాళ్ళను తిట్టకూడదంటారు. తిట్టవలసిన పనులు చేసి పోతే నేనేం చేసేది?

అవి రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులు. మేము తమిళనాట ధర్మపురిలో ఉండేవాళ్ళం. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మా పెదనాన్న ఏర్కాడు కొండ మీద కాఫీ తోట వదిలి పోతున్న ఒక దొర దగ్గర ఆ కారు కొన్నాడు. అప్పటికే అది ముసలిది. రంగు పెచ్చులు లేచిపోయి, సీట్లలోంచి పీచు బయటికి వచ్చి ఉండేది. అయినా మా వీధికి అదే మొదటి కారు. డ్రైవరును పెట్టి, కడత్తూరు సంతకు పోయే వ్యాపారులను, పెళ్ళివాళ్ళను బాడుగకు తిప్పేవాడు పెదనాన్న. పెట్రోలు కూపన్లకు దొరికే కాలం కాబట్టి దాంట్లో ప్రతి చుక్కా ఆయన ప్రాణంతో సమానం.

కారు వచ్చిన కొన్నాళ్ళకు మా అత్త వచ్చింది. మా నాన్నకూ పెదనాన్నకూ ఒక్కగానొక్క చెల్లెలు. కంబైనల్లూరులో ఇచ్చారు. మొగుడు జ్వరంతో పోయాక అత్తగారింటివాళ్ళు ఆమెను మేకల కొట్టంలో పడుకోబెట్టి, మిగిలింది ఉంటే పెట్టి, లేకుంటే లేదనేవారు. ఆమె ముంజేతి మీద కాలిన మచ్చ ఒకటి ఉండేది. అది ఎలా వచ్చిందని అడిగితే చెప్పేది కాదు. ఒక పొద్దున చిన్న మూటతో నడిచి వచ్చి మా గుమ్మం ముందు నిలబడింది. నన్ను కన్న తల్లి పురుట్లోనే పోయింది. తల దువ్వి, పక్కలో వేసుకుని పడుకోబెట్టే మనిషి నాకు ఆ రోజే దొరికింది.

ఆమె వచ్చిందో లేదో, డ్రైవరు పెదనాన్న చెవిలో ఊదాడు. ఇంట్లో విధవ ఉంది, పొద్దున్నే ఎదురొస్తుంది, బండికి దిష్టిబొట్టు పెట్టాలన్నాడు. అంతవరకూ కారు ముందు దీపాలకు మాత్రమే చందనం పెట్టేవాళ్ళు. ఇక నుంచి నుదుటికి కూడా పెట్టమన్నాడు. ఆ పాత కారుకు పెట్రోలు ట్యాంకు అద్దానికి ముందర, పైన ఉండేది. దాని మూత గుండ్రంగా, సరిగ్గా బొట్టు పెట్టే చోటులాగే కనిపించేది. మా పెద్దమ్మ, అంటే పెదనాన్న భార్య, బండి బయటికి తీసే ప్రతి పొద్దునా ఆ మూత మీద పసుపూ చందనమూ కలిపి దట్టంగా మెత్తి, నడుమ కుంకుమ అద్దేది. పాతది తుడిచేది కాదు. దేవుడి బొట్టు తుడవకూడదట.

కొద్ది రోజులకు కారు దారిలో నిలిచిపోవడం మొదలైంది. ఊరు దాటి కొంత దూరం బాగానే పోయేది, తర్వాత దగ్గి దగ్గి ఆగేది. నిలిచిన ప్రతిసారీ మరుసటి పొద్దున బొట్టు ఇంకొంచెం మందమయ్యేది.

ఒక సంత రోజు నన్ను కూడా వెనక సీట్లో కూర్చోబెట్టుకుని పోయారు. వత్తల్‌మలై కొండ కనిపించే చోట కారు ఆగిపోయింది. డ్రైవరు దిగి బానెట్టు ఎత్తాడు. గొట్టం ఊదాడు, ప్లగ్గు తుడిచాడు, ట్యాంకు మూత తీసి పుల్ల ముంచి పెట్రోలు ఉందా అని చూశాడు. చివరకు కర్పూరం వెలిగించి దిష్టి తీసి హ్యాండిలు తిప్పాడు. బండి కదిలింది. చూశారా, కర్పూరానికి లొంగిందంటే ఇది జబ్బు కాదు, పాడు కళ్ళు అని వ్యాపారులకు చెప్పాడు. తిరిగి వచ్చేటప్పుడు మళ్ళీ ఆగింది, మళ్ళీ అదే తంతు. వ్యాపారులు ఇక ఎద్దుల బండే మేలని పెదనాన్న మొహం మీదే అన్నారు.

ఆ సాయంత్రం పెదనాన్న ఇంట్లోకి కూడా రాలేదు. వీధిలో నిలబడి, అరుగుల మీద ఉన్న వాళ్ళందరూ వింటుండగా అరిచాడు.

“ఈ ముండమోపి మొగం చూసి బయలుదేరితే బండి ఎట్ల పోతాది? ఇంకొకసారి నిలిచిందా, దీన్ని కంబైనల్లూరికే తోలేస్తా.”

మా నాన్న అక్కడే ఉన్నాడు. అన్న మాటకు ఎదురు చెప్పే మనిషి కాదు. తల వంచుకుని చుట్ట వెలిగించుకున్నాడు. 

అత్త ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. రాత్రి అన్నం గిన్నె ముందు పెట్టుకుని, పళ్ళు బిగించి, నన్ను అడిగింది.

“ముందుది ముందు, వెనకది వెనక చెప్పు మే. వాడు ఏమేం చేసినాడు? నీ ఊహ కలపద్దు.”

నేను చెప్పాను. చెప్పినదే మళ్ళీ చెప్పించింది. పెట్రోలులో నలుసు ఉందేమోనని ముందు అనుకుంది. మా నాన్నను పట్టుకుని సతాయించి, పెట్రోలు గుడ్డలో వడగట్టించింది. గుడ్డ మీద ఏమీ తేలలేదు. డ్రైవరు నవ్వాడు. ఆడదానికి ఇంజను ఎందుకమ్మా, పూజ చేసుకోరాదా అన్నాడు. విధవకు పూజ కూడా లేదని చెప్పేది ఆ నోరే.

ఆ తర్వాత కారు తీసే రోజు అత్త నన్ను మళ్ళీ పంపింది. ఈసారి ఒక దొంగ పని చెప్పింది. డ్రైవరు సీటు కింద పెట్టుకునే కర్పూరం డబ్బా తీసి నా పావడా మడతలో దాచుకోమంది. కొండ కనిపించే చోట కారు అలవాటుగా ఆగింది. డ్రైవరు డబ్బా కోసం సీటు కిందంతా వెతికి, కనిపించక, కనీసం పెట్రోలైనా ఉందో లేదో చూద్దామని మూత తీశాడు. పుల్ల ముంచి చూసి మూత బిగించి, విసుగ్గా హ్యాండిలు తిప్పాడు. బండి కదిలింది.  వాడు హ్యాండిలు సీటు కింద పడేసి, పసిబిడ్డ బండిలో ఉంది కదా, అందుకే కదిలిందన్నాడు. ఏదో ఒకటి అనాలి కదా.

ఇంటికి వచ్చి అత్తకు పూసగుచ్చినట్టు చెప్పాను. మూత తీసినప్పుడు ఏమైనా వినిపించిందా అని అడిగింది. వినిపించింది. ఉస్సుమని, లోపలికి గాలి పీల్చుకున్నట్టు. అది చెప్పగానే అత్త లేచి వంటింటి మూలనున్న కిరసనాయిలు డబ్బా తెచ్చింది. డబ్బాకు నూనె పోసే చిల్లు ఒకటి, గాలికి ఇంకొకటి ఉంటాయి. గాలి చిల్లు మీద వేలు పెట్టి డబ్బా వంచింది. కొంచెం కారి నూనె ఆగిపోయింది. వేలు తీసింది, ధారగా పడింది.

మరుసటి మధ్యాహ్నం డ్రైవరు అరుగు మీద గురక పెడుతుంటే మేమిద్దరం కారు దగ్గరకు పోయాము. అత్త మూత ఊడదీసి లోపలి వైపు చూసింది. నడుమ చిన్న రంధ్రం ఉంది. పైవైపు దాని నోట్లో చందనం ఎండి సిమెంటులా గట్టిపడి ఉంది. పెట్రోలు తగ్గే కొద్దీ లోపలికి గాలి పోవాలి. పోవడానికి దారి లేక పెట్రోలు ఇంజనులోకి దిగడం లేదు. అత్త ఆ మూతను అరచేతిలో పెట్టుకుంది. నా దిష్టి పోవాలని పెట్టిన బొట్టే బండిని నిలబెడుతోందా అంది. 

అప్పుడే అందరినీ పిలిచి చూపిస్తుందనుకున్నాను. చూపలేదు. ఒట్టి మాటలు వీళ్ళు నమ్మరని ఆమెకు తెలుసు. ఆ తర్వాత కారు తీసిన పొద్దున, పెద్దమ్మ బొట్టు పెట్టి, అందరూ చద్దన్నానికి లోపలికి పోయినప్పుడు, గోనెసంచులు కుట్టే డబ్బళంతో ఆ రంధ్రం పొడిచి తెరిచింది. కారు కదిలే వేళకు ఖాళీ బిందె చంకన పెట్టుకుని, ఎదురుగా నడిచి వచ్చింది. పెదనాన్న తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. కారు కడత్తూరు పోయి ఎక్కడా ఆగకుండా తిరిగి వచ్చింది. బొట్టు మహిమ అన్నారు.

తర్వాతిసారి కొత్త బొట్టు మూసిన రంధ్రాన్ని అత్త పొడవలేదు. పెరట్లో గొడ్ల చాటున కూర్చుని, కారు వీధి దాటేదాకా ఎవరి కంటా పడలేదు. కారు కొండ దగ్గర ఆగి, మళ్ళీ పాత తంతుతోనే కదిలి ఇల్లు చేరింది. పెదనాన్న చిందులు తొక్కుతూ ఇంటికి వచ్చేసరికి, ఆమె కిరసనాయిలు డబ్బా, డబ్బళం పట్టుకుని కారు దగ్గర నిలబడి ఉంది. డబ్బా మీద వేలు పెట్టి చూపింది, తీసి చూపింది. మూత చూపింది. నేను ఎదురొచ్చిన రోజు పోయింది, ఎదురు రాని రోజు నిలిచింది, ఇప్పుడు చెప్పు అంది.

పెదనాన్న మూతను తిప్పి తిప్పి చూశాడు. డ్రైవరు తనకు ముందే అనుమానం ఉండేదన్నాడు. పెదనాన్న రేపటి నుంచి మూతకు బొట్టు వద్దని చెప్పి, కాళ్ళు కడుక్కోవడానికి లోపలికి కదిలాడు. అంతే. అత్త అడ్డం నిలబడింది.

“అన్నా, వీధిలో అన్న మాట వీధిలోనే తీసెయ్యి.”

“బండి బాగైంది కదా. ఇంకేంది నీకు?” అన్నాడు.

ఇంకేంది. బండి బాగైంది కదా. ఆ మాట విన్నప్పుడు నా చేతిలో రాయి ఉంటే ఆ కారు అద్దం పగిలి ఉండేది. వీధిలో ఏమీ మారలేదు. ఎదురింటి ఆడవాళ్ళు అత్తను చూసి బిందెలు దించి ఆగేవాళ్ళు, ఆమె దాటి పోయాకే కదిలేవాళ్ళు. కంబైనల్లూరు మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు, వద్దని కూడా ఎవరూ అనలేదు. ఇంకేదైనా చెడితే మళ్ళీ ఆ మాట లేస్తుందని అత్తకు తెలుసు. రాత్రిళ్ళు నా పక్కన పడుకుని నిద్రపోయేది కాదు.

వీధిలో అన్న మాటను వీధిలో వెనక్కి తీసింది మా పెద్దమ్మ. మొగుడి ముందు గొంతెత్తి నీళ్ళు కూడా అడగని మనిషి. ఆ తర్వాత కారు తీసే పొద్దున, వ్యాపారులు ఎక్కి కూర్చున్నారు, వీధి అరుగులన్నీ నిండి ఉన్నాయి. పెద్దమ్మ చందనం పళ్ళెం పట్టుకుని బయటికి వచ్చి, పెదనాన్న ఆ రోజు అరిచిన చోటనే నిలబడింది.

“అందరూ వినండి. బండి నిలిచింది నా చేతి బొట్టు వల్ల. రంధ్రం మూసింది నేను. మా ఆడబిడ్డ మొగానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. ఆమెను అన్న మాటలన్నీ తప్పు.”

పెదనాన్న మొహం నల్లబడింది. ఆమె ఆయన వైపు చూడలేదు. అత్తను పిలిచి, పళ్ళెం ఆమె చేతిలో పెట్టింది.

“నువ్వే పెట్టు. ఏడ పెట్టాలో నీకే తెలుసు.”

విధవ చేతి చందనం. వీధి మొత్తం అరుగుల మీంచి లేచి చూసింది. అత్త దీపాల మీద ఒక్కొక్క బొట్టు పెట్టి, చేయి కొంగుకు తుడుచుకుంది. కారు ఆ బొట్టుతోనే కడత్తూరు పోయి వచ్చింది. పెదనాన్న చాలా రోజులు పెద్దమ్మతో మాట్లాడలేదు. అత్త మాత్రం ఆ ఇంట్లోనే ఉంది, నా పెళ్ళి ఆమె చేతుల మీదుగానే జరిగింది.

జబ్బు ఎక్కడుందో వెతకడం ఆమె నాకు నేర్పింది. ఎవరైనా వచ్చి, ఫలానా ఆమె అడుగుపెట్టింది, మా ఇల్లు ఇలా అయిందంటే, ముందుది ముందు, వెనకది వెనక చెప్పమంటాను. సగం మందికి అక్కడే నోరు పడిపోతుంది. కానీ జబ్బు దొరికితే సగం పనే అయినట్టు. అన్న మాటను అన్న చోటికే పోయి తీసెయ్యాలని పెద్దమ్మ నేర్పింది.

మా కోడలు కాపురానికి వచ్చిన ఏడాది పాడి గేదె చచ్చింది. నా కొడుకు ఆమె పుట్టింటికి పోయి, వాళ్ళ వాకిట్లో నలుగురి ముందు, మీ పిల్ల కాలు మంచిది కాదని వాగి వచ్చాడు. గేదె గడ్డిలో ఇనుప తీగ మింగిందని పశువుల డాక్టరు కడుపు కోసి చూపించాడు. వాడు చూసి, సరేలే అని కంచం ముందు కూర్చున్నాడు. నేను కంచం తీసేశాను. అన్న చోటికి పోయి చెప్పి రా, అప్పుడే అన్నం అన్నాను. నీకు ఇంత కోపమేందమ్మా అన్నాడు. నేను కుండ మీద మూత పెట్టి దాని పక్కనే కూర్చున్నాను. పొద్దు వాలేదాకా వాడూ కూర్చున్నాడు. తర్వాత లేచి, చెప్పులు వేసుకుని, అత్తగారి ఊరి దారి పట్టాడు.