చదవకుండా మూసేసిన నోటిఫికేషన్

నా లినక్స్ లాప్‌టాప్‌లో రోజూ పొద్దున ఒక నోటిఫికేషన్ వస్తోంది. మూసేస్తే పోతుంది, మర్నాడు మళ్లీ వస్తుంది. ఇది బగ్, అంటే సాఫ్ట్‌వేర్‌లో లోపం అని, దాన్ని తయారుచేసే వాలంటీర్లకు వాళ్ల వెబ్ పేజీలో రిపోర్ట్ పెట్టాను. నోటిఫికేషన్‌లో ఏం రాసి ఉందో పంపమని వాళ్లలో ఒకాయన మర్యాదగా అడిగాడు. "ఏం రాసి ఉంటే ఏంటి? ముందు ఈ చెత్తను ఆపండి" అని జవాబిచ్చాను.

ఈ రోజు పొద్దున్నే లాప్‌టాప్ పట్టుకుని అమీర్‌పేటలో మా లినక్స్ గ్రూపు మిత్రుడు మహేశ్ ఆఫీసుకు వెళ్లాను. సంగతి చెబుతుండగానే అది వచ్చింది. అలవాటుగా మూయబోయాను.

"జర ఆగుండ్రి సార్! బగ్ బగ్ అని మస్తు లొల్లి పెట్టిండ్రు. అండ్ల ఏమున్నదో ఒక్కసారన్న చదివిండ్రా?"

లేదన్నాను. అతనే పైకి చదివాడు. "బీపీ మాత్ర వేసుకున్నారా? కాఫీ తాగేసి మర్చిపోకండి."

"ఎవరు పెట్టిండ్రు సార్ ఇది?"

"మా ఆవిడ. పోయిన ఏడాది చనిపోయింది."

మహేశ్ లాప్‌టాప్ తన వైపు తిప్పుకున్నాడు. క్యాలెండర్ తెరిచి చూపించాడు. రోజూ గుర్తుచేసేలా పెట్టి వెళ్లింది. "తీసెయ్యాల్నా సార్?" అన్నాడు మెల్లగా. వద్దన్నాను. ఈ రోజు కూడా నేను అప్పటికింకా మాత్ర వేసుకోలేదు.

పంజాగుట్టలో ఇంటికి వచ్చి మాత్ర వేసుకున్నాను. ఆ వాలంటీరుకు క్షమాపణ రాసి, రిపోర్ట్ మూసేశాను. కానీ ఆ పేజీలో ఒకసారి రాసింది చెరపడం కుదరదట. ఆవిడ మాటను నేను చెత్త అన్నది అక్కడ అలాగే ఉంటుంది.

తెర మీద వచ్చినవి చదివాకే మూసేవాళ్లు మీలో ఎవరైనా ఉన్నారా? ఉంటే చెప్పండి, నేర్చుకుంటాను.