పెరట్లో పండు, బిడ్డకు పథ్యం

మా అత్తమ్మ చెయ్యి అలాంటిది. ఎండుపుల్ల గుచ్చినా చిగురేసేది. వరంగల్ కరీమాబాద్‌లో మా పెంకుటింటి వెనక, స్నానాల నీళ్లు పారినంత మేర ఆమె పెట్టని మొక్క లేదు. తోటకూర, బచ్చలి, పుంటికూర, ఒక మునగచెట్టు, గోడ పొడవునా బొప్పాయి చెట్లు. "పెరడి తిండి తిన్నోల్లు దవాఖాన మెట్లెక్కరు" అని వాడకట్టంతా వినేలా చెప్పేది. ఆ గొప్పలు వింటే నాకు ఒళ్లు మండేది కానీ, తినేటప్పుడు మాత్రం నోరు మూసుకుని తినేదాన్ని.

ఎనభైల మొదట్లో ఒక ఎండాకాలం నా నాలుగేళ్ల బిడ్డకు తట్టు పోసింది. మా ఇంటాయన ఉద్యోగం ములుగులో. ఆదివారమైతేనే బస్సెక్కి వచ్చేవాడు. ఇంట్లో నేను, అత్తమ్మ, మంచంలో బిడ్డ. అత్తమ్మ గుమ్మానికి వేపరొట్ట కట్టింది. తాళింపు బంద్ పెట్టింది. జ్వరం తగ్గి, వేపాకు నీళ్లు పోసిన తర్వాత కూడా పథ్యం విడువనివ్వలేదు. నూనె చుక్క వద్దు, ఆకుకూర వద్దు, పండు అసలే వద్దు. మెత్తటి అన్నం, చప్పటి చారు, అంతే.

"ఇంకెన్ని రోజులత్తమ్మా? పిల్ల కట్టెపుల్లయితాంది" అన్నాను.

"లంఖణం పరమౌషధం అన్నరు పెద్దలు. పథ్యం తప్పితే తట్టు తల్లి కండ్లు గుంజుకపోతది. నీకేమెరుక?"

కండ్లు అనేసరికి మళ్లీ చప్పటి చారే కలిపి పెట్టాను. పెరట్లో బొప్పాయిలు పండుతూనే ఉన్నాయి. అత్తమ్మ కోసి పక్కిళ్లకు పంచేది. బిడ్డ గడపలో కూర్చుని గుటకలు మింగుతూ చూసేది. ఒకసారి చిన్న ముక్క కొంగులో దాచి, దాని నోటిదాకా తీసుకుపోయి, భయమేసి కాకులకు వేశాను.

ఒకనాడు పొద్దుగూకే వేళ, ఇంకా వెలుగుండగానే, బిడ్డ వాకిట్లో బకెట్‌కు తట్టుకుని పడింది. "కండ్లు నెత్తికెక్కినయా పిల్లా?" అని నవ్వాను. మర్నాడు అదే వేళకు అన్నం పెడితే, ముందున్న కంచం వదిలేసి నేల తడుముతోంది.

"అమ్మా, బువ్వేది? లైటెందుకెయ్యలే?"

వాకిట్లో ముగ్గు ఇంకా తెల్లగా కనిపిస్తూనే ఉంది. దాని కళ్ల ముందు చెయ్యి ఆడించాను. రెప్ప కొట్టలేదు. అత్తమ్మను కేకేశాను.

అత్తమ్మ ఉరికొచ్చింది. బిడ్డ మొహం రెండు చేతుల్లోకి తీసుకుని చూసి, నా మీదికి తిరిగింది. "దొంగతనంగ ఏం పెట్టినవే దీనికి?"

"బిడ్డ మీదొట్టు, ఏం పెట్టలే."

"మరెందుకైతది గిట్ల?" అంది. తెల్లారి నుంచి చారు కూడా మానిపించింది. ఉప్పు వేసిన గంజి మిగిలింది.

నాకు సాయంత్రమంటేనే భయం పట్టుకుంది. దవాఖానకు తీసుకుపోతే అమ్మవారికి కోపం. తీసుకుపోకపోతే చూపు పోతుందేమో. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. ఒక పొద్దున బిడ్డకు మొహం కడుగుతుంటే తెల్లగుడ్డు మీద ఎండిన సబ్బునురగలా ఒక మచ్చ కనిపించింది. ఎంత రుద్దినా పోలేదు. తల్లి కోపమేదో నా మీదికే రానీ అనుకుని రిక్షా పిలిచాను. అత్తమ్మ తిడుతూనే ఎక్కింది. బిడ్డను మాత్రం తన ఒడిలోంచి దింపలేదు.

డాక్టరమ్మ దాని కళ్లు చూసి, ఏం పెడుతున్నారని అడిగింది. చెప్పాం. "మీకు ఆకుకూరలు, పండ్లు దొరకవా?"

నేను నోరు తెరిచేలోపే బిడ్డ జవాబిచ్చింది. "మా పెరట్ల బొప్పాయి పండ్లు మస్తున్నయి. తింటే కండ్లు పోతయట."

"తినకపోతే పోతాయి తల్లీ" అంది డాక్టరమ్మ.

తట్టు ఒంట్లో ఉన్న సత్తువంతా పీల్చేసిందని, కంటికి కావలసిన బలం ఆ ఆకుల్లో, ఆ పండులోనే ఉందని, నూనె చుక్క పడితేనే అది ఒంటబడుతుందని చెప్పింది. చెంచాతో మందు తాగించింది. ఇంకా ఆలస్యమైతే నల్లగుడ్డు మెత్తబడి పోయేదట. "చూపు వస్తదా అమ్మా?" అని అడిగాను. "రావాలి, చూద్దాం" అంది. ఆ చూద్దాం అన్న మాట ఇంటిదాకా నన్ను కొరుక్కు తిన్నది.

రిక్షాలో అత్తమ్మ బిడ్డ కళ్లనే చూస్తూ కూర్చుంది. దిగుతూనే పెరట్లోకి పోయి మునగాకు దూసింది. పప్పులో వేసి ఎల్లిపాయ తాళింపు పెట్టింది. బొప్పాయి పండు కోసి తన చేత్తోనే తినిపించింది. నేను లోపల్లోపల అమ్మవారికి దండాలు పెట్టుకుంటున్నాను.

ఆ సాయంత్రం బిడ్డ తడుముకుంటూనే ఉంది. ఆ మర్నాడూ అంతే. మందు పనిచేయదేమో, ఆలస్యమైపోయిందేమో అని నాకు తిండి సయించలేదు.

తర్వాత ఒకనాడు చీకటి పడే వేళ ఇద్దరం వెనక మెట్ల మీద కూర్చున్నాం. బిడ్డ అవతల గోడకు ఆనుకుని ఉంది. అత్తమ్మ ఉన్నట్టుండి అంది: "నీ పెనిమిటి కంటె ముందు నాకో ఆడపిల్ల ఉండె."

ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు.

"తట్టు పోసినంక కండ్లు పోయినయి. గోడలు పట్టుకొని తిరిగేది. యాడాది తిరుగకముందే పోయింది. ఎవ్వలో జామపండిచ్చిండ్రు, అందుకే తల్లి కోపం జేసిందన్నరు. నేను గూడ ఇన్నేండ్లు గట్లనే అనుకున్న." తన చేతులు చూసుకుంది. "సగం తిన్న పండు దాని చేతిలకెళ్లి నేనే గుంజుకున్న బిడ్డా."

ఆమె చప్పుడు లేకుండా కళ్లు తుడుచుకుంటోంది.

గోడ దగ్గర నుంచి బిడ్డ గొంతు వినిపించింది. "బాపమ్మా, ఎందుకేడుస్తానవ్?"

నాకు ప్రాణం లేచొచ్చింది. "కనవడుతాందా? బాపమ్మ కనవడుతాందా నీకు?" అంటూ ఒక్క ఉరుకున పోయి ఎత్తుకున్నాను. అత్తమ్మ లేవలేకపోయింది. కొంగు నోట్లో కుక్కుకుని, రెండో చెయ్యి చాపి బిడ్డను పేరు పెట్టి పిలిచింది. అది నా బిడ్డ పేరు కాదు.